చైనా పెంచలయ్య బండిమీది కత్తి

నేను ఒక కత్తిని. కత్తి అనగానే గుర్రాలూ యుద్ధాలూ గుర్తు తెచ్చుకోకండి. పూర్వాశ్రమంలో నేను ఒక లారీ కమాను కట్టలో పట్టీని. ఇసుక మోసి మోసి ఒకనాడు నాయుడుపేట దాటాక విరిగాను. గూడూరులో కమ్మరి బ్రహ్మయ్యాచారి ఆ ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, జానెడు పొడవూ బెత్తెడు వెడల్పూ ఉండేలా నన్ను తయారుచేశాడు. దీనితో కొడితే ఎముకే దణ్ణం పెట్టాలని పదిమందికీ చెప్పుకున్నాడు.

మొదట మాంసం కొట్టు ఖాదర్ బాషా దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. ఆయన్ని డాక్టరు మాంసం మానెయ్యమన్నాడు. తాను తినలేనిదాన్ని పక్కవాడి సంచిలో వెయ్యడానికి మనసొప్పక ఆయన కొట్టే మూసేశాడు. మనుషుల వైరాగ్యాలు చాలావరకు ఇలాంటివే. తర్వాత ఒక వేసవంతా కొబ్బరి బోండాలు కొట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా అంచు జివ్వుమంటుంది. అక్కణ్ణుంచి చైనా పెంచలయ్య చేతికొచ్చాను.

పెంచలయ్య గూడూరు రైల్వే గేటు దగ్గర సాయంత్రంపూట నూడుల్స్ బండి పెట్టేవాడు. బండికి ముందువైపు డ్రాగన్ బొమ్మ వెయ్యమంటే, దాన్ని ఎన్నడూ చూడని పెయింటరు మీసాలున్న ఉడుమును వేసిపెట్టాడు. తాను రెండేళ్లు చైనాలో ఉండి వంట నేర్చుకున్నానని పెంచలయ్య ఊరంతా చెప్పుకున్నాడు. నిజానికి ఆయన మద్రాసులో ఒక హోటల్లో మూడు నెలలు గిన్నెలు కడిగాడు. నాకెలా తెలుసంటారా? ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఆయన తనలో తాను మాట్లాడుకునేవాడు. కళ్లనీళ్లు కూడా ఉంటాయి గనక, అది ఇంచుమించు ఒప్పుకోలే.

మొదట అది చిన్న అబద్ధమే. వినేవాళ్లే ప్రశ్నలు వేసి వేసి దాన్ని పెంచి పెద్దచేశారు. చైనా గోడ మీద రెండు లారీలు ఎదురెదురుగా వస్తే సైడిచ్చుకుని పోవచ్చన్నాడు. అక్కడి రాజుగారి వంటవాడు తనని తమ్ముడూ అని పిలిచేవాడన్నాడు. చైనాకి ఇప్పుడు రాజు లేడు గదయ్యా అని ఒక బడిపంతులు అడ్డుపడితే, రాజు పోయాడుగానీ వంటవాడు ఇంకా ఉన్నాడని సర్దాడు. చివరికి పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పాడు. పిల్ల తండ్రి వాకాడు దాటి ఎరగని మనిషి, చైనా చూసొచ్చిన అల్లుడు దొరికాడని మురిసిపోయి చెంగమ్మనిచ్చి పెళ్లి చేశాడు. ఆరేళ్లుగా చెంగమ్మ బండి పక్కన నిలబడి క్యాబేజీ కడుగుతూ, మొగుడు చెప్పే చైనా కబుర్లు ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే వినేది. పెంచలయ్యకి ఊరంటే భయం లేదు. ఆ వినే మొహమంటేనే భయం.

ఒక గురువారం జీపు డ్రైవరు మస్తాను ఒక చైనా ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు లిన్. సముద్రం వైపు కడుతున్న కరెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. తోటివాళ్లంతా పని ముగించుకుని వెళ్లిపోగా, ఏదో యంత్రానికి కాపలాగా రెండు నెలలుగా గెస్టుహౌసులో ఒంటరిగా ఉంటోంది. సాంబారుతోనూ సైగలతోనూ రోజులు గడుపుతోంది. మస్తాను పెంచలయ్య నూడుల్స్‌నీ మాటల్నీ సమానంగా నమ్మినవాడు. మీ దేశంలో ఉండొచ్చిన మనిషి మా ఊళ్లోనే ఉన్నాడని ఎలాగో ఆమెకి తెలియజెప్పి తీసుకొచ్చాడు.

ఆమె నవ్వి ఏదో అంది. పెంచలయ్య తలూపాడు.

అంతే, తూము ఎత్తినట్టయింది. ఆమె మాట్లాడింది, మాట్లాడింది, ఊపిరి తిప్పుకోవడానికి ఆగి మళ్లీ మాట్లాడింది. ఆమె గొంతు దిగులుపడితే పెంచలయ్య దిగులుపడ్డాడు. ఆమె నవ్వితే ఒక క్షణం ఆలస్యంగా తానూ నవ్వాడు. బాణలిలో నూడుల్స్ మాడి బొగ్గయితే ఎవరో పొయ్యి ఆర్పేశారు. ప్లేట్లు పట్టుకున్న నలభైమందీ తినడం మాని, మనూరివాడు చైనా భాషలో తలూపుతున్నాడని గర్వంగా చూస్తున్నారు.

అప్పుడామె ఏదో అడిగి ఆగింది. పెంచలయ్య తలూపాడు. ఆమె మళ్లీ అడిగింది, ఒక్కొక్క ముక్కా విడదీసి, చంటిపిల్లలకి చెప్పినట్టు. నేను ఆయన చేతిలోనే ఉన్నాను. అరచెయ్యి చెమటకి పిడి జారుతోంది. ఆయన చెంగమ్మ వైపు చూశాడు. తడి క్యాబేజీ రెండు చేతుల్లో పట్టుకుని, మొగుడి నోట చైనా మాట ఎప్పుడు వస్తుందా అని ఆమె కళ్లింత చేసుకుని చూస్తోంది.

"అమ్మా, నేను చైనా పోలా," అన్నాడు పెంచలయ్య. "మద్రాసు దాటి ఎక్కడికీ పోలా. అక్కడ గిన్నెలు కడిగినా, అంతే."

తెలుగు రాని లిన్ నవ్వుతూ చూస్తూనే ఉంది. ఆ నిజం ఎవరికి చెప్పాడో ఆమెకి తప్ప గూడూరుకంతా అర్థమయింది.

మస్తాను గొంతు సవరించుకుని, "హీ నో చైనా. ఓన్లీ మద్రాస్," అని వివరించాడు.

లిన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఏడుస్తుందనే అనుకున్నాం. కానీ ఆమె చూపు కూరగాయల బుట్టలోని కీరా దోసకాయల మీద పడింది. చెయ్యి చాపింది. పెంచలయ్య నన్ను ఇచ్చేశాడు.

ఆమె ఒక కీరాను పీట మీద పెట్టి, నన్ను బల్లపరుపుగా, బోర్లా దాని మీద ఆనించి, అరచేత్తో నా వీపు మీద ఒక్కటి వేసింది. ఫట్. జీవితమంతా అంచుతో బతికినవాణ్ణి, నన్నిలా చెక్కముక్కలా వాడుకోవడం చూసి సిగ్గుతో చచ్చాను. కాయ మాత్రం నాలుగు చీలికలై నోరు తెరిచింది. తరిగిన ముక్క నున్నగా ఉండి ఉప్పును జార్చేస్తుందట. పగిలిన ముక్క పగులు పగులునా పీల్చుకుంటుంది. ఇదీ ఆమె సైగల సారాంశం. వెల్లుల్లికీ అదే శిక్ష పడింది. ఉప్పు చల్లి కాసేపు ఆగి, ఊరిన నీళ్లు వంచేసి, చిటికెడు పంచదార, కొంచెం వెనిగరు, సోయా సాసు, ఎండుమిరప గింజలు, చివర నువ్వులనూనె వేసింది. పెంచలయ్య గబగబా పొయ్యి వెలిగించబోతే వద్దని తలూపింది. ఈ వంటకి పొయ్యే అక్కర్లేదు. మనిషెత్తు మంట లేపడమే చైనా వంట అని ఊరిని నమ్మించినవాడు, అగ్గిపెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

లిన్ ఒక ముక్క తిని కళ్లు మూసుకుంది. తర్వాత ప్లేటును చెంగమ్మ ముందుకు జరిపింది. చెంగమ్మ తిని, చాలాసేపు నమిలి, మొగుడి వైపు చూడకుండా, "ఉప్పు సరిపొయ్యింది," అంది.

ఆ తర్వాత నాలుగు రోజులు చెంగమ్మ బండి దగ్గరికే రాలేదు. పెంచలయ్య ఒక్కడే ఉల్లిపాయలు తరిగాడు. ఈసారి మాటల్లేవు, నీళ్లే.

అయిదో రోజు ఆమె వచ్చి, ఆయన్ని మోచేత్తో పక్కకి నెట్టి, నన్ను అందుకుని కీరా మీద బోర్లా పెట్టింది.

"చైనా అంట." ఫట్.

"గోడ మీద లారీలంట." ఫట్.

ఆరేళ్ల సంసారాన్ని ఆమె అలా కాయ కాయనా పగలగొడుతూ పోయింది. పన్నెండో కాయ దగ్గర, "రాజు పొయినాక ఆ వంటోడికి జీతమెవరిచ్చేదంట?" అని తానే అడిగి, తానే ఆపుకోలేక పీట మీదికి వంగి నవ్వింది. పెంచలయ్య నవ్వడానికి ధైర్యం చాలక, వెల్లుల్లి వలుస్తూ కూర్చున్నాడు. ఆ రోజు కీరా ముక్కలు అయిపోయాకగానీ నూడుల్స్ ఎవరూ అడగలేదు.

లిన్ ప్రతి గురువారం వచ్చేది. స్టూలు మీద కూర్చుని చైనా భాషలో తన గోడు చెప్పుకునేది. పెంచలయ్య తెలుగులో తన మోకాలి నొప్పి గురించీ, ఇంకా నిజం తెలియని మామగారి గురించీ చెప్పేవాడు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థమయ్యేది కాదు. లేచేటప్పుడు మాత్రం ఇద్దరి మొహాలూ తేటపడి ఉండేవి. ఎండాకాలం మొదట్లో యంత్రం పని పూర్తయి ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు నా అంచు అరిగిపోయింది. ఉల్లిపాయలకి ఒక స్టీలు కత్తి వచ్చింది. నా పని కీరాలు చితక్కొట్టడం వరకే. మొన్న కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు ఒక ప్లేటు తిని, చైనాలో నిజంగా ఇలాగే తింటారా, నువ్వు వెళ్లి చూశావా అని పెంచలయ్యను అడిగాడు.

"నేను చైనాని చూళ్లా సార్," అన్నాడు పెంచలయ్య. "చైనానే వొచ్చి నన్ను చూసిపొయ్యింది."

కోతలు బాగానే కోస్తున్నావని ఆఫీసరు నవ్వుకుంటూ పోయాడు. పాపం, ఆయన ఊరికి కొత్త. ఈ బండి మీద కోతలు మానేసి మా ఇద్దరికీ చాలాకాలమైంది, పెంచలయ్యకీ నాకూ.