పీఠం ముందు మోగిన డప్పు

నేను ఒక డప్పును. పల్నాడులో శౌరయ్య చేతుల్లో పుట్టాను. వేపచెక్క వంచి చట్రం చేసి, మేకతోలు నానబెట్టి బిగించాడు. ఊళ్లో ఎవరు పోయినా పాడె ముందు నడిచేది మేమిద్దరమే. మేము రాకపోతే శవం కదలదు. అయినా దాహమంటే మా శౌరయ్యకు నీళ్లు దోసిట్లోనే పోసేవాళ్లు. మనుషుల తీరు నాకు అప్పుడూ అర్థం కాలేదు.

శౌరయ్యకు ఒక్కడే కొడుకు, ఇన్నయ్య. పదో తరగతి కాగానే గురువిద్యాలయంలో చేరి ఫాదరునవుతానన్నాడు. తల్లి లూర్దమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది.

"ఫాదరుకి పెళ్లుండదు, పిల్లలుండరు. మనింట్లో దీపం ఎవురు పెడతారురా?"

"అందరి ఇళ్లూ నావేగదమ్మా."

శౌరయ్య నన్ను చేను గట్టుకు తీసుకుపోయి పొద్దు వాలేదాకా వాయించాడు. అలాంటి దరువు అంతకుముందు నాలో పలకలేదు. తిరిగొచ్చి, "పోనీయే. పిలిచినోడు దేవుడు" అన్నాడు.

ఇన్నయ్య ఫాదరయ్యాడు. కృష్ణకు వరదొచ్చినప్పుడు గుడి తలుపులు ఊరందరికీ తెరిచి, గరిటె పట్టి తానే వడ్డించాడు. జనం అతన్ని మరిచిపోలేదు. జుట్టు నెరిసే వేళకు బిషప్‌ను చేశారు.

పట్టాభిషేకానికి పెద్దలు బ్యాండు కుదిర్చారు. ఇన్నయ్య మాత్రం, "మా నాయన డప్పు వాయిస్తేనే లోపలికొస్తాను" అన్నాడు. పెద్దలు గొణిగినా ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది శౌరయ్యే. బిషప్ అన్న భయంతో సొంత కొడుకునే 'మీరు' అంటున్నాడు.

"శవాల ముందు మోగిందయ్యా ఇది. మీ పీఠం కాడికి తేగూడదు."

"ఏడ్చేవాళ్లకు తోడు నడిచావు నాయనా. నన్ను బిషప్‌గా పెట్టిందీ ఆ పనికే గదా?"

శౌరయ్య నన్ను భుజాన వేసుకున్నాడు.

గుడి వాకిట వాన పట్టుకుంది. నా తోలు నాని సాగింది. మొదటి దెబ్బకు చెమ్మగోడ మీద చరిచినట్టు 'తప్' మన్నాను. వెనక ఎవరో నవ్వారు. శౌరయ్య కొట్టడం ఆపేశాడు. ఇన్నయ్య పక్కనున్న ధూపకలశం అందుకుని, నిప్పులు నా కిందికి తెచ్చి వెచ్చబెట్టసాగాడు. సాంబ్రాణి పొగలో నా తోలు కొంచెం కొంచెంగా బిగిసింది.

"పైకెత్తమాక, తోలు కాల్తదిరా!" అని అరిచాడు శౌరయ్య.

శౌరయ్య నాలుక కరుచుకున్నాడు. బిషప్ గారు మాత్రం పొడవాటి టోపీ జారిపోయేలా నవ్వారు. "అట్టా పిలువు నాయనా. ఇక కొట్టు."

ఆ రోజు గుడి కప్పు అదిరేలా మోగాను. పీఠం దాకా ముందు నడిచింది శౌరయ్యే.

అతను పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు బిషప్ గారి వరండాలో ఉంటున్నాను. ఆదివారం పూజ కాగానే ఆడపిల్లలు వచ్చి దరువులు నేర్చుకుంటారు, నాకోసం పోట్లాడుకుంటారు. చిరిగిన నా అంచు చూసి, కొత్త తోలు వేయిద్దామన్నారు బిషప్ గారు. తొందరేం లేదు గానీ, నేను సిద్ధంగానే ఉన్నాను.