వెంపలి వేరు

పొద్దున్నే గుమ్మం పక్క కుండీలకి నీళ్లు పోయడం ఇంటావిడ మొదటి పని. వాటిలో ఉన్నవి పూలమొక్కలు కావు, ఊరవతల రాళ్లగుట్ట మీద ఎండకి మాడుతూ ఏళ్లతరబడి బతికే వెంపలి. అద్దెకొచ్చేవాళ్లు ముందు ఒక గింజ నాటాలి. నాలుగాకులు వేశాక ఆవిడ మొక్కని పీకి వేరు చూస్తుంది. వేరెంత దిగితే నాటిన మనిషి ఆ ఇంట్లో అంతకాలం ఉంటారు. జానెడు దిగితే గది ఇస్తుంది, లేకపోతే లేదు. ఆ ఊళ్లో అందరూ అద్దెకిచ్చేది ఇలాగే. బ్యాంకు గుమాస్తా వేరు మూరెడు దిగింది. పెళ్లాం ఎంత పోరినా ఆయన ఇంకా పై గదిలోనే ఉన్నాడు.

కుట్టుపని చేసే ఆమె ఉంటున్న ఇల్లు పడగొట్టేస్తున్నారు. గది అడగడానికి కుట్టుమిషనుని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది.

"దాన్ని కింద పెట్టి గింజ నాటు."

"పెడితే మళ్లీ ఎత్తలేను పిన్నిగారూ."

"ఎత్తుకునే ఉండు. లోపల నా పాలు పొంగుతున్నాయి" అంటూ ఇంటావిడే గింజని గరుకు మెట్టు మీద రుద్దింది. పైపొర గీసుకుపోతే గానీ అది మొలవదు. ఆనక వేలితో మట్టిలోకి నొక్కేసి లోపలికి పరిగెత్తింది.

మొక్క పీకే రోజున వేరు గోరంత ఉంది.

"నెల తిరక్కుండానే పోయేదానివి. నీకు గదెందుకమ్మా?"

కుట్టుపనామె నోరు తెరిచింది. గింజ నాటింది మీరు కదా అంటే చాలు, గది దొరుకుతుంది. అనకపోతే రేపు సామాను రోడ్డు మీద. కానీ నెలలో పోయేది మీరేనన్న మాట ఎదటి మనిషితో ఏ నోటితో అంటుంది?

"సరేలెండి" అని వెనక్కి తిరిగింది.

"ఆగు. అందరూ నా ప్రాణం తోడేస్తారు, నువ్వు బతిమాలవేం?"

ఇంటావిడ వేరుని వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత తన వేలు చూసుకుంది.

"ఆ రోజు నీ చేతుల్లో మిషనుంది కదూ?"

"...ఉంది."

పైన గుమాస్తా దగ్గాడు.

"అంటే, ఆయనకంటే ముందు నేను ఖాళీ చేస్తానా!" అంది ఇంటావిడ, ఒళ్లు మండి.

"ఎన్నాళ్లన్నదే వేరు చెప్తుంది, ఎందుకన్నది చెప్పదు. ఏ ఊరైనా వెళ్తారేమో పిన్నిగారూ."

"వీధి మలుపు దాటి ఎరగను. ఏ ఊరు వెళ్తాను?"

అంది గానీ, ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దింది. సముద్రం పక్కన చెల్లెలి ఇల్లుంది. రమ్మని పిలిచినప్పుడల్లా, అద్దెవాళ్లని ఎవరి మీద వదిలి రానూ అనేది. ఇప్పుడు తాళాలగుత్తి కుట్టుపనామె చేతిలో పెట్టింది.

"గుమాస్తాని నీళ్ల మోటారు ముట్టుకోనివ్వకు."

"మరి నా గింజో?"

"నాటుకో. పీకి చూడకు" అని బస్సెక్కింది.

ఆ నెల దాటింది. ఏళ్లూ దాటాయి. చెల్లెలి ఊళ్లో చేపలు బాగా దొరుకుతాయట. ఇంటావిడ ఏటా కొత్త బట్టలు కుట్టమని కొలతలు పంపుతుంది, ఏటా భుజాల దగ్గర ఇంకాస్త వదులు పెట్టమంటుంది.