ఎవరినీ కాదనని గది

నాలుగో గడిలో టిక్కు పెట్టగానే తెర మీద ఇళ్ల జాబితా ఒక్కసారిగా పెరిగింది. ప్రసన్నకుమార్ మెడ ముందుకు చాచి చూశాడు. షరతులు పెరిగేకొద్దీ ఇళ్లు తగ్గాలి. జావాస్క్రిప్ట్ కోడ్ తెరిచి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయాడు. షరతులన్నీ కుదిరితేనే ఇల్లు చూపించమని ఉండాల్సిన చోట, ఏ ఒక్కటి కుదిరినా చూపించమని ఉంది. దిద్దాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం పైన రెండు గదుల ఆఫీసు అది. అద్దె ఇళ్ల వెబ్‌సైటు నడుపుతారు. అతనికి నలభై ఆరేళ్లు. సన్నటి మనిషి, భుజాలు లోపలికి వంగి, కుర్చీలో ఉన్నా లేనట్టే ఉంటాడు. టీ తెచ్చేవాడు రోజూ ఒక కప్పు తక్కువ తెచ్చి, అతన్ని చూసి నాలిక కరుచుకుని మళ్లీ కిందికి పోయేవాడు.

ఇవాళ టీ కూడా లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు లేవు, కింద దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎప్పుడూ హారన్లతో మోగే రోడ్డు మీంచి ఒక్క చప్పుడూ రావడం లేదు. ఇంటి యజమానులతో ఫోన్లో మాట్లాడే యాదలక్ష్మి సరూర్‌నగర్ నుంచి నడిచి వచ్చింది.

"జిల్లా గడి పెట్టినవా సార్? కిరాయికొచ్చేటోళ్లది ఏ జిల్లానో తెలుస్తెనే ఇస్తమంటున్నరు ఓనర్లు. మన బాసు గంగాధరరావు సారు పొద్దుగాల్నుంచి రెండుసార్లు ఫోన్ చేసిండు."

"పెడుతున్నానమ్మా."

"మీది ఏ జిల్లా?"

అతను ఆలోచించాడు. తండ్రి బందరు నుంచి వచ్చి మలక్‌పేటలో గుమాస్తాగా చేసి పోయాడు. తల్లీ ఇక్కడే పోయింది. బందరులో తనను ఎరిగినవాళ్లు లేరు. నవ్వి, కొత్త గడి తయారుచేశాడు.

సరిచూడడానికి షరతులన్నీ పెట్టాడు. మీర్‌పేట్, ఒక్క గది, ఒంటరి మగవాడు, నల్గొండ జిల్లా. ఒక్క ఇల్లు మిగిలింది. షరతులు మార్చాడు. హయత్‌నగర్, రెండు గదులు, కుటుంబం, శాకాహారులు, కృష్ణా జిల్లా. మళ్లీ అదే ఇల్లు. ఎలా మార్చినా మిగతావన్నీ పోయి అదొక్కటే నిలబడుతోంది. ఫొటో నొక్కాడు.

సున్నం గోడ, మంచం, ఊచల కిటికీ. తను పదకొండేళ్లుగా ఉంటున్న గది.

కాసేపటికి గుర్తొచ్చింది. వెబ్‌సైటు మొదలుపెట్టిన రోజు నమూనా కోసం దాన్ని తనే ఎక్కించాడు. ఫొటో, తన ఫోన్ నంబరు తప్ప ఏ వివరమూ నింపలేదు. ఖాళీగా ఉన్న వివరాన్ని ఈ కోడ్ అడ్డుకోదు. అందుకే ఆ గది ఏ షరతుకైనా సరిపోతోంది.

యాదలక్ష్మి వెనక నిలబడి చూసింది. ఆఫీసు తాళంచెవులకని ఇదివరకొకసారి అతని గదికి వెళ్లింది. "గిది మీ రూమే కదా! ఖాళీ జేస్తున్నరా?"

"లేదమ్మా. ఎప్పుడో నమూనాకి పెట్టింది."

"తీసెయ్యండి సార్. మనిషి ఉండంగ ఖాళీ అని చూపెట్టుడు మంచిగ లేదు. నాకు భయమైతుంది."

తొలగించే మీట మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు. పొద్దున్నుంచి వందల ఇళ్లు చూశాడు. ఎవరినీ కాదనని ఇల్లు ఇదొక్కటే. "రేపు తీస్తాలే," అన్నాడు.

మధ్యాహ్నం నడక మొదలుపెట్టాడు. కర్మన్‌ఘాట్ దగ్గర కాలిన టైర్ల వాసన. సమ్మె చేస్తున్నవాళ్లు నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గంటె పట్టుకున్న ఒక పెద్దాయన పిలిచాడు.

"ఏ ఊరన్నా మనది?"

ప్రసన్నకుమార్ తడబడ్డాడు. "మీర్‌పేట్."

"గింతెండల బోతున్నవ్. కూసో, జర తిని పో."

విస్తరాకులో వేడి అన్నం, పప్పు. పక్కన కూర్చున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. కడుపునిండా తిన్నాడు. లేచేటప్పుడు ఎడమ భుజం లాగింది. మిగతా దారంతా ఆ భుజాన్ని పట్టుకునే నడిచాడు. రోడ్డు మీద అతని అడుగుల చప్పుడు అతనికే వినిపించింది.

ఇంటి యజమానురాలు ఈరమ్మ గేటు దగ్గర చూసింది. "గంత దూరం నడిచొచ్చినవా సారూ? మొకం గట్లున్నదేంది? ఉండు, చాయ్ పెడ్త."

చాయ్ తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. అతను అందుకున్నాడు. ఆమె తిరిగి వస్తుంటే లోపల ఫోను మోగింది. అతని గొంతు మెల్లగా వినిపించింది గానీ మాటలు తెలియలేదు.

దీపాలు పెట్టే వేళకు ఒక జంట గేటు తీసుకుని వచ్చింది.

"రూము చూడనీకి వచ్చినమమ్మా. కంప్యూటర్ల చూసి ఫోన్ చేస్తే ఒకాయన మాట్లాడిండు. ఖాళీ అయింది, వచ్చి చూసుకోండి అన్నడు," అన్నాడు భర్త.

"ఖాళీ ఏంది? సారు ఉన్నడు లోపల."

భార్య అప్పటికే కిటికీలోంచి తొంగి చూస్తోంది. "ఎవ్వరు లేరమ్మా. అంత ఖాళీగనే ఉన్నది."

ఈరమ్మ తలుపు తోసింది. ఆ కిటికీ కిందనే, గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు ప్రసన్నకుమార్. భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్లు చల్లగా తగిలింది.

అతని తలకు జానెడు ఎత్తున, కిటికీ గట్టు మీద, చాయ్ గ్లాసు నిండుగా ఉంది. పైన మీగడ ముడతలు పడి, గాలికి మెల్లగా వణుకుతోంది.