అన్నీ అమ్ముడైపోయిన వారం

"అమ్మా, పేపర్లు అయిపోనాయి. ఇంకో యాబై ఎట్టండి బేగి."

ఫోన్లో పునుగుల బడ్డీ కూర్మమ్మ మాట విని లీలారాణి తన చెవులను తానే నమ్మలేదు. అప్పుడామె శ్రీకాకుళంలో, ప్రెస్సులో నిలబడి గిరిబాబుతో గొడవ పడుతోంది. కాగితం ధర కిలోకు ఆరు రూపాయలు పెరిగిందనీ, పాత బాకీ తీర్చకపోతే వచ్చే వారం మిషనెక్కించననీ అతను పొద్దుటినుంచీ ఒకటే మొండిపట్టు.

"ఏటన్నావు కూర్మమ్మా? మళ్లీ చెప్పు."

"అయిపోనాయంతన్నాను. ఒక్కటీ నేదు. అడిగినోళ్లు ఎల్లిపోతన్నారు."

"తీరరేఖ" వారపత్రికకు నారాయణమూర్తి ఎడిటరు. రాయడం ఆయన పని. కాగితం తేవడం, అచ్చు వేయించడం, కట్టలు కట్టి బస్సులెక్కించడం, ప్రకటనల కోసం చెప్పులరగదీయడం, జీతాలివ్వడం, ఇవ్వలేనప్పుడు తిట్లు తినడం లీలారాణి పని. అచ్చేసే పన్నెండు వందల్లో నాలుగు వందలు ప్రతివారం తిరిగొచ్చి ఆఫీసు మూల పడేవి. వాటిని తూకానికి అమ్మితే ఆ డబ్బు ఆటోలకే సరిపోయేది. పదకొండేళ్లలో "మిగిలిపోనాయి" అన్న మాటే తప్ప "అయిపోనాయి" అన్న మాట ఏ ఏజెంటు నోటా వినలేదామె.

అరగంటలో టెక్కలి నుంచీ అదే ఫోను. నౌపడ నుంచీ అదే. సాయంత్రానికి ఏజెంట్లందరిదీ ఒకటే పాట. లీలారాణి ముఖం వెలిగిపోవడం చూసి గిరిబాబు కూడా మెత్తబడ్డాడు.

"ఏటి మేడం, సినిమా టిక్కెట్లలాగ పోతన్నాయి? ఇంకో మూడొందలు కొట్టీమంటారా? డబ్బులు తరవాత సూద్దారి."

కొట్టించింది. అవీ చాల్లేదు. ఆఫీసులో ఫైలు కోసం దాచుకున్న కాపీల్ని కూడా కట్టలో వేసి ఆఖరి బస్సుకు అందించింది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. తన పత్రికకూ ఆ కాలం వచ్చిందనుకుంది పిచ్చిది. దారిలో మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి, మూడు నెలలుగా జీతం చూడని డీటీపీ అమ్మాయి చేతిలో పెట్టి, "సోమవారం నీ డబ్బులిచ్చేస్తాను" అని గొప్పగా చెప్పింది.

ఆ వారం మొదటి పేజీలో ఉన్నది అమ్ముడుపోవలసిన వార్తే. ఇసకలపాలెం దగ్గర రొయ్యల కంపెనీ ఉంది. మంచు నీళ్లలో చేతులు పెట్టి పొద్దస్తమానం రొయ్యలొలిచే ఆడవాళ్లకు అక్కడ రోజుకు మూడు వందల ఇరవై. అందులో పీఎఫ్ పేరు చెప్పి నెలనెలా కోసుకుంటారు. నాలుగేళ్లుగా ఒక్క రూపాయి కూడా ఎవరి ఖాతాలోనూ పడలేదు. గోళ్లు నల్లబడి ఊడిపోతే ఆస్పత్రి ఖర్చు వాళ్లదే. పెద్ద పత్రికలకు కంపెనీవారి పూర్తి పేజీ ప్రకటనలు కనబడతాయి కాబట్టి ఈ గోళ్లు కనబడలేదు.

పదకొండు మంది ఆడవాళ్లు ఆఫీసు మెట్లెక్కి వచ్చి ఉన్నదంతా చెప్పారు. పేర్లు మారుద్దామన్నాడు నారాయణమూర్తి. వాళ్లలో పెద్దది చిన్నతల్లి ఒప్పుకోలేదు.

"పేరు దాసుకుంటే ఎవులో పనికిమాలినోల్లు వాగినారంతాడు బాబూ. పేరెయ్యండి, బొమ్మెయ్యండి. ఊరూవాడా సదివినాక మామీద సెయ్యెయ్యడానికి జంకుతాడు."

వాళ్లందరికీ ఆ రోజు టీ తెప్పించి ఇచ్చింది లీలారాణే.

సోమవారం ఉదయం బెన్హర్ వచ్చాడు. ఒకప్పుడు సండే స్కూల్లో ఆమె దగ్గర వాక్యాలు వల్లించిన పిల్లాడు. ఇప్పుడు రొయ్యల కంపెనీలో ఆఫీసరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీటు డబ్బా.

"ప్రైజ్ ద లార్డ్ అక్కా. ఆరోగ్యం బాగున్నాదా?"

"బాగానే ఉన్నాను. కూర్చో. మీ మీద రాశామని పోట్లాటకొచ్చావా ఏటి?"

"అయ్యో, పోట్లాటేటక్కా! మీ పేపరు బతకాలని మాకూ ఉన్నాది. ఇకనించి వారం వారం అన్ని కాపీలూ మేమే కొంటాం. ఏడాది డబ్బు ముందే కట్టేత్తాం. రిటర్నుల బాధ నేదు, బస్టాండుకి కట్టలు మొయ్యక్కర్నేదు. వేను పంపిత్తాం."

"అన్ని పేపర్లు ఏం చేసుకుంటావురా?"

"ఏటి సేసుకుంటాం?" నవ్వాడు బెన్హర్. "మొన్నటియ్యే గోడౌన్లో పడున్నాయి. కట్టలు విప్పనేదు."

లీలారాణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కంపెనీవాళ్లు రెండు కార్లేసుకుని శుక్రవారం పొద్దున్నే బడ్డీ బడ్డీ తిరిగి ఉన్నవన్నీ కొనేశారు. ఇంకా పంపమని ఏజెంట్లచేత ఫోన్లు చేయించిందీ వాళ్లే. ఆమె సంబరపడి మళ్లీ అచ్చు వేయించి, బస్సు ఛార్జీలు తను పెట్టుకుని మరీ పంపింది.

"తప్పు కదురా?" అంది చివరికి.

"తప్పేటక్కా? దొంగతనం సేసినామా, దౌర్జన్యం సేసినామా? పేపరెట్టిందే అమ్మడానికి. మేం కొన్నాం." డబ్బా బల్ల మీద పెట్టి లేచాడు. "మీకూ జీతాలున్నాయి, అద్దెలున్నాయి. ఆలోసించుకుని సాయంత్రానికి సెప్పండి."

పొమ్మని ఆమె అనలేదు. అనాల్సింది. జీతం కోసం ఎదురుచూస్తున్న పిల్ల పక్క గదిలో కూర్చుని ఉంది. ఆ పిల్లకు వినబడుతుందేమోనని నోరు రాలేదు.

కూర్మమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ తిరగబడింది. "ఏటమ్మా అంతన్నారు? డబ్బులిచ్చినోడికి పేపరిచ్చాను. రోజంతా పునుగులేసినా మిగలని డబ్బు ఒక్క గడియలో వచ్చినాది. వొద్దని ఎలా అంతాను?"

నారాయణమూర్తికి ఆవేశం వచ్చింది. "వాళ్లకి అమ్మొద్దని ఏజెంట్లకి చెప్పండి."

"ఎవరికి చెప్పమంటారు సార్? ఈవేళ కారులో వచ్చాడు. రేపు నలుగురు కుర్రాళ్లని పంపుతాడు. మొహం చూసి పేపరమ్మమంటారా?" అంది లీలారాణి.

ఆయన ఫోను తీశాడు. పేజీని వాట్సాపు గ్రూపుల్లో పెట్టాడు. అంతవరకు పెట్టనివ్వనిది లీలారాణే. ఉచితంగా చదివితే పేపరెవడు కొంటాడని ఆమె వాదన. ఇప్పుడు నలభై మంది పెద్దమనుషులు దండాలు పెట్టే బొమ్మలు పంపి ఊరుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రొయ్యలొలిచే ఆడవాళ్ల ఫోన్లలో వాట్సాపు ఎక్కడిది?

ఆ రోజే లీలారాణి టెక్కలి బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటోలో ఇసకలపాలెం చేరేసరికి రెండో షిఫ్టు వేళయింది. కంపెనీ ప్రహరీ పక్కన, సర్వి చెట్ల నీడలో ఆ పదకొండు మందీ కూర్చుని ఉన్నారు. క్యారేజీలు మూతలు తీయకుండా పక్కనే ఉన్నాయి.

చిన్నతల్లి ఆమెను చూసి లేచి వచ్చింది.

"శనివారం నించీ లోపలికి రానివ్వడం నేదమ్మా. పేపరోల్లకి సెప్పినోల్లకి పని నేదంతన్నాడు. ఊరోల్లు మేం ఏటి తప్పు సేసినామో అని ముకాలు సూస్తన్నారు. పేపరొస్తాదన్నారు, రానేదేటి?"

వచ్చిందని చెప్పాలా, రాలేదని చెప్పాలా? లీలారాణికి ఏడుపొచ్చింది. కంపెనీవాడు తప్ప లోకంలో ఇంకెవరూ చదవని పత్రికలో వీళ్ల పేర్లు, వీళ్ల ముఖాలు తనే అచ్చేసి, తనే కట్టలు కట్టి వాడి చేతికందించింది.

"మా బొమ్మలు పడ్డాయేటమ్మా? ఒక్కటుంటే సూపించు. మా మనవరాలు సదువుతాది."

లీలారాణి సంచీలో చెయ్యి పెట్టి వెతికింది. లేదని తెలిసీ వెతికింది. నీళ్ల సీసా, గొడుగు, బస్సు టిక్కెట్లు. ఒక్క కాపీ లేదు. అన్నీ అమ్ముడైపోయాయి.

"అదిగో, గేటుకాడ ఇందాకే ఏటో అంటించినారు. అదే అయ్యుంటాది" అంది వాళ్లలో ఒకామె నీరసంగా.

గేటు పక్కన సెక్యూరిటీ గది గోడకు మైదా జిగురుతో అంటించి ఉంది "తీరరేఖ" మొదటి పేజీ. పదకొండు ముఖాల మీదా ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. వీళ్లను లోపలికి రానివ్వొద్దని కాపలావాడికి గుర్తు. ఊరికి చేరి, కట్ట విప్పుకున్న కాపీ అదొక్కటే.

లీలారాణి విసురుగా వెళ్లి గోళ్లతో ఆ కాగితాన్ని గీకడం మొదలుపెట్టింది. ఓ మూల లేచి, చీలిక ఒకామె బొమ్మ దాకా వచ్చింది.

"అమ్మా, తియ్యకండి. సారు డబ్బులెట్టి కొన్న పేపరది" అని అరిచాడు కాపలావాడు.

"సింపకమ్మా!" లీలారాణి చెయ్యి పట్టుకున్నది కాపలావాడు కాదు, చిన్నతల్లి. "అదొక్కటే ఉన్నాది. సింపేత్తే ఇంకేటి మిగుల్తాది మాకు? ఉండనీ."

రెండో షిఫ్టు ఆడవాళ్లు తలలకు టోపీలు పెట్టుకుంటూ గేటు దగ్గరకొచ్చారు. చిన్నతల్లి వాళ్లలో చదువుకున్న పిల్లను రెక్క పట్టుకుని గోడ ముందుకు లాగింది.

"ఒసే అనితా, నువ్వు పది సదివినావు కదా. ఏటి రాసినారో గట్టిగా సదువు."

అనిత గేటువైపు భయంగా చూసింది. తర్వాత సన్నటి గొంతుతో మొదలుపెట్టింది. "పీఎఫ్ పేరిట నెలకు..." లోపలికి నడుస్తున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. కాపలావాడు ఎవరికో ఫోన్ చేసి, అటునుంచి చెప్పింది విని, పరుగున వెళ్లి బక్కెట్టుతో నీళ్లూ గీకడానికి రేకుముక్కా తెచ్చాడు.

"జరగండి, జరగండి. తీసీమన్నారు."

పదకొండు మందీ గోడకు వీపులానించి నిలబడ్డారు. "జరగం" అంది చిన్నతల్లి.

లీలారాణి సంచీలో ఫోన్ మోగింది. బెన్హర్. ఆమె తీయలేదు, ఆపనూ లేదు. వచ్చే వారానికి కాగితం లేదు, గిరిబాబుకు చెప్పే మాట లేదు, ఈ ఆడవాళ్లకు రేపు కూలి లేదు. లోపల షిఫ్టు సైరను కూసింది. వాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తూ, చిరిగిన చోట తడుముకుంటూ, అనిత గబగబా చదువుతూనే ఉంది.