లెక్కకు రాని నెల

కదిరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు ముందున్న బల్ల మీద జ్యోతిలక్ష్మి నిన్నటి మధ్యాహ్నం నుంచి కూర్చునే ఉన్నది. లోపల మూడో మంచం మీద శశి పడుకొని ఉన్నది. ఇరవై రెండేళ్ల పిల్ల, తొలిచూలు. ఆ కడుపులోని బిడ్డ దక్కుతుందా దక్కదా అన్న ఒక్క ప్రశ్న తప్ప జ్యోతిలక్ష్మి మనసులో మరొకటి లేదు.

ఆమె వైద్యురాలు కాదు, నర్సు కాదు. గర్భిణుల రక్తపోటు పుట్టబోయే బిడ్డలనెట్లా దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి ఐదేండ్లుగా సాగుతున్న ఒక పరిశోధనలో ఊరూరా తిరిగే కార్యకర్త. నల్లమాడ, తనకల్లు మండలాల పల్లెలు ఆమె వంతుకు వచ్చాయి. నెలకొకసారి ప్రతి గర్భిణి ఇంటికీ పోయి రక్తపోటు చూడాలి, మూత్రం పరీక్షించాలి, బరువు తూయాలి, చూసినదంతా ఫారంలో రాయాలి. వానలు మొగం చాటేసి వేరుసెనగ చేలు నిలువునా మాడిపోయిన ఆ ఏడు కూడా ఆమె ఒక్క ఇల్లు మానలేదు.

నిన్న ఉదయం నల్లమాడ దాపునున్న పల్లెలో శశి ఇంటి గడప తొక్కినప్పుడు ఆ పిల్ల మొగం ఉబ్బి గుర్తుపట్టరాకుండా ఉన్నది. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయన్నది. రక్తపోటు నూట అరవై మీద నూట పది. మూత్రంలో ముంచిన పట్టీ క్షణంలో, ప్రోటీను పోతున్నదని తెలిపే ముదురాకుపచ్చకు తిరిగింది. మగడు ఓబన్న ధర్మవరంలో పట్టుమగ్గం మీద ఉన్నాడు. అతని కోసం చూడకుండా జ్యోతిలక్ష్మి నూట ఎనిమిది బండి పిలిపించి, శశినీ అత్త కదిరమ్మనూ ఎక్కించుకొని వచ్చింది.

డాక్టరు సుల్తానా శశి కాగితాలన్నీ ఓపికగా చూసింది. జ్యోతిలక్ష్మి రాసిన కడపటి ముట్టు తేదీ ప్రకారం ముప్పై రెండు వారాలు. తొలి నెలల్లో తీయించవలసిన స్కాన్ తీయించనే లేదు. ఆలస్యంగా తీసిన స్కాన్‌లో బిడ్డ చిన్నదే గాని, ఆ తేదీకి మరీ చిన్నది కాదు. ముప్పై రెండు వారాలకు ఊపిరితిత్తులు పక్వానికి రావు. అవి గట్టిపడేందుకు రెండు రోజుల సూదులు వేసి, మందులతో తల్లి రక్తపోటును అదుపులో ఉంచి, వీలైనన్ని దినాలు బిడ్డను లోపలే కాపాడాలని డాక్టరు నిర్ణయించింది. కడుపులో గడిచే ఒక్కొక్క పూట బిడ్డకు లాభమేనని చెప్పింది. తెల్లవారినప్పటి నుంచి మాత్రం బిడ్డ గుండె చప్పుడు నడుమ నడుమ మందగించి మళ్లీ లేస్తున్నది.

పక్కన కూర్చున్న కదిరమ్మ ఆమె వైపు తిరిగింది.

"జ్యోతమ్మా, ఆ డాక్టరమ్మ నీ మాట వింటాది. తొమ్మిదో నెల పడేదాకా బిడ్డను కదిలించొద్దని చెప్పు. ఏడో నెల బిడ్డన్నా నిలుస్తాది, ఎనిమిదో నెలది నిలవదు. మా చెల్లెలికి అట్లనే అయింది."

ఆ నమ్మకంలో నిజం లేదని జ్యోతిలక్ష్మి వందల ఇండ్లలో చెప్పి ఉన్నది. ఇప్పుడు చెప్పే ఓపిక లేక, తొమ్మిదో నెల ఎప్పుడు పడుతుందని ఊరికే అడిగింది. కదిరమ్మ బొటనవేలిని కణుపుల మీద నడిపిస్తూ పైకే ఎంచింది.

"జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, ఆశ్వీజం, కార్తీకం, మార్గశిరం. ఏడు నిండినాయి. ఇది పుష్యం. మాఘం పడితే తొమ్మిది."

జ్యోతిలక్ష్మి చెవిలో ఏదో తట్టుకున్నది.

"ఈ ఏడు శ్రావణాలు రెండు వచ్చినాయి గదా పెద్దమ్మా. మొదటిది యాడ పోయింది?"

"అధికమా? అది దేవుని నెల. పెండ్లి లేదు, పేరంటం లేదు. నరసింహసామి పేరు చెప్పుకొని ఆ నెల్లో ముప్పై మూడు అప్పాలు దానమిచ్చినా. శశే కాల్చింది, నూనె వాసనకు కక్కుకుంటా కక్కుకుంటా. దాన్ని యాడన్నా కడుపు లెక్కలో కలుపుతారా?"

జ్యోతిలక్ష్మి ఆ నెలను కలిపి తన వేళ్ల మీద మళ్లీ ఎంచింది. ఎనిమిది నిండినాయి, ఇది తొమ్మిది.

ఎవరూ అక్కున చేర్చుకోని ఆ నెలను పురుషోత్తముడు తన పేరిచ్చి ఆదరించాడని పెద్దలు చెప్పే కథ ఆమె చిన్ననాడే విన్నది. ఆమె తాత ఊరికి పంచాంగం చెప్పిన మనిషి. శుభకార్యాలకు అధికమాసం పనికిరాదు గాని గర్భాన్ని ఎంచేటప్పుడు దాన్ని విడువరాదని శాస్త్రమే విధించిందని, ఆయన ఇంటికి వచ్చిన ఆడవాళ్లకు విప్పి చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నది. విన్నదంతా అవసరమైన దినాన ఆమెకు అక్కరకు రాలేదు.

ఆ దినం వినాయక చవితి మరునాడు. శశి ఇంటికి అదే మొదటిసారి పోవడం. ఎన్నో నెల అని ఎవరినీ అడగరాదని పరిశోధనలో నియమమున్నది. కడపటిసారి ముట్టుస్నానం ఏ పండుగకు ముందు, ఏ పండుగకు తరువాత అని, పండుగలన్నీ అచ్చువేసిన కాగితం ముందు పరచి, గర్భిణి చేతనే వేలు పెట్టించాలి. అప్పటికి ఆరిండ్లు తిరిగి ఉన్నది. కడపటి బస్సుకు వేళవుతున్నది. కాగితం తీయబోతే కదిరమ్మ ఉండ్రాళ్ల పళ్లెం చేతిలో పెట్టి ఎగతాళి చేసింది: "పండగలన్నీ అప్పజెప్పించుకునేదానికి నువ్వేమన్నా పురోహితుడివా తల్లీ? మూడు నిండి నాలుగు పడింది, రాసుకో." జ్యోతిలక్ష్మి నవ్వింది. ఉండ్రాయి నోట్లో వేసుకొని, ఫోనులో నెలలు వెనక్కి తిప్పి తేదీ రాసింది. తేదీ ఎట్లా తెలిసిందన్న గడిలో, పండుగను బట్టి అన్న మాటకు ఎదురుగా గుర్తు పెట్టింది.

ఆ గుర్తును నమ్మి డాక్టరు బిడ్డను లోపలే ఉంచింది.

డాక్టరు గది ముందు వరుసలో నిలబడిన వాళ్లను తోసుకొని ఆమె లోపలికి పోయింది.

"మేడమ్, శశి తేదీ తప్పు. ఒక నెల తక్కువ రాసినాను. ముప్పై రెండు కాదు, ముప్పై ఆరు నిండినాయి."

డాక్టరు ఫారం తిప్పి చూసింది. "పండుగను బట్టి అని గుర్తు పెట్టినావు గదా."

"పెట్టినాను. అడగలేదు. వాళ్లు అధికమాసాన్ని వదిలేసి లెక్క చెప్పినారు."

సుల్తానా ఫారం బల్ల మీద పెట్టింది. తరువాత గొంతు పెంచకుండా అన్నది: "మేము నెలవంకను చూసి నెలలు ఎంచేవాళ్లం. మాకు అధికం లేదు. నాకు ఈ మాట ఎన్నటికీ తట్టదు, జ్యోతీ. నీకు తట్టవలసింది." లేస్తూనే నర్సును పిలిచి ఆపరేషను గది సిద్ధం చేయమన్నది. "ముప్పై రెండుకు ఆ బిడ్డ కొంచెం చిన్నది. ముప్పై ఆరుకు అది తిండి అందక ఎండిపోతున్న బిడ్డ. నిన్ననే తీయవలసింది."

ఓబన్న అప్పుడే ధర్మవరం బస్సు దిగి వచ్చాడు. వేళ్ల సందుల్లో పట్టు రంగు ఇంకా వదలలేదు. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేశాడు. దేనికని అడగలేదు.

తలుపులు మూసుకున్నాయి. కదిరమ్మ కండ్లు మూసుకొని ఖాద్రి నరసింహుణ్ణి తలుస్తున్నది. జ్యోతిలక్ష్మికి చిన్నప్పటి నుంచి నాలుక మీద నిలిచిన స్తోత్రం ఆ పూట రెండో పాదం దగ్గర ఆగిపోయింది. మొదటికి వచ్చి మళ్లీ ఎత్తుకున్నది, మళ్లీ అక్కడే ఆగిపోయింది. కంబాన్ని చీల్చుకొని క్షణంలో వచ్చిన స్వామిని ఇప్పుడు రమ్మనడానికి తనకు ఏ అర్హత ఉన్నదో ఆమెకు తోచలేదు.

ఆడపిల్ల. వేయిన్ని మూడువందల యాభై గ్రాములు. ఏడ్వలేదు, మూలిగింది. సుల్తానా జ్యోతిలక్ష్మిని లోపలికి పిలిచి, వెచ్చటి పెట్టెలోని బిడ్డ పాదాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూపించింది. నెలలు నిండని బిడ్డ అరికాలు నున్నగా ఉంటుంది. ఈ అరికాలు మడమ దాకా గీతలే. ఊపిరితిత్తులకు ఏ లోపమూ లేదని, గుండెకు మాత్రం ఇక బలం మిగల్లేదని డాక్టరు చెప్పింది. మధ్యాహ్నం పన్నెండు కాకమునుపే ఆ గీతల పాదం చల్లబడింది. శశికి రక్తపోటు దిగుతున్నది, ప్రాణానికి భయం లేదు. మత్తు ఇంకా వదలలేదు.

బిడ్డను గుడ్డలో చుట్టి కదిరమ్మ చేతిలో పెట్టారు. ఆమె ఏడవలేదు.

"ఎనిమిదో నెల బిడ్డ," అన్నది. "నేను చెప్పలేదా."

ఆ మాటను అట్లాగే ఉండనిస్తే చాలు. ఎవరూ ఏమీ అడగరు. ముప్పై రెండు వారాలు, తక్కువ బరువు అని ఫారం కూడా నోరెత్తకుండా ఒప్పుకుంటుంది. జ్యోతిలక్ష్మి ఆమె ముందు నేల మీద కూర్చున్నది.

"ఎనిమిదో నెల కాదు పెద్దమ్మా. తొమ్మిది నిండొచ్చింది. అధికాన్ని కలపాల. మీరు ఎట్ల చెప్పినా, అడగాల్సినట్టు అడగకుండా రాసింది నేను. సరిగ్గా రాసింటే బిడ్డను ఇంకా ముందే తీసేవాళ్లు."

కదిరమ్మ ఒక చేత్తో బిడ్డను పట్టుకొని, రెండో చేతి కణుపుల మీద మళ్లీ ఎంచింది. ఆషాఢం దాటి మూడో కణుపు దగ్గర బొటనవేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉన్నది.

"ఇంగ మా ఇంటికి రావద్దు," అన్నది. కొంచెం ఆగి, "ఇట్ల ఎంతమందికి రాసినావు?" అని అడిగింది.

జ్యోతిలక్ష్మి సంచిలోంచి జాబితా తీసింది. శ్రావణం నుంచి కార్తీకం దాకా మొదటిసారి పోయిన ఇండ్లు పందొమ్మిది. వేళ చాలక నెల అడిగి సరిపెట్టుకున్నవి ఎన్నో ఆమెకే తెలుసు. ఆరు. వాళ్లలో ఇద్దరికి కాన్పయింది. మిగిలిన నలుగురిలో మొదటి పేరు సుంకమ్మ, తనకల్లు అవతలి పల్లె. పదిరోజుల కిందట బరువు తూసినప్పుడు కడుపు చిన్నగా ఉన్నదని తోచి, తేదీతో పోల్చి చూసుకొని ఫరవాలేదని రాసింది.

ఫోను తీసినది సుంకమ్మ తల్లి బయమ్మ. జ్యోతిలక్ష్మి క్షేమాలు అడగలేదు. నెలలు ఎంచేటప్పుడు అధిక శ్రావణాన్ని కలిపినారా అని అడిగింది.

"కలపలేదు. ఎందుకు కలుపుతాం?"

"బిడ్డ కదులుతా ఉందా?"

"నిన్నటి నుంచి అంతగా లేదు. ఎనిమిదో నెల గదా, నిద్దరపోతాంటాది."

పిల్లను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టమని, బండి పంపిస్తున్నానని, ఎవరు వద్దన్నా ఆగవద్దని జ్యోతిలక్ష్మి చెప్పింది. నూట ఎనిమిదికి ఫోను చేసి ఊరి పేరు రెండుసార్లు పలికింది. అది పెట్టేసి, డాక్టరు గదివైపు పరుగెత్తుతూనే రెండో పేరుకు నంబరు నొక్కింది.