ఖమాయిస్ బాబాయి ముడి

వేసవంతా నాకు పెళ్ళిళ్ళే. చలికాలంలో మా కెర్కెన్నా దీవుల్లో పెళ్ళి బాజా వినపడదు, అప్పుడు నా కెమెరా పక్షులది. నిజం చెప్పాలంటే పెళ్ళికూతుళ్ళ కంటే పక్షులే నయం. ముక్కు కాస్త చిన్నగా కనిపించేలా తియ్యమని నా ప్రాణం తియ్యవు.

ఆ ఏడు మాత్రం సరదాకి తియ్యలేదు. మా నాన్న తమ్ముడు ఖమాయిస్ బాబాయి మా సముద్రం ముక్క మీద వల కప్పేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. మాకు పొలానికున్నట్టే సముద్రానికీ హద్దులుంటాయి. తాతల నాటి ముక్కలో ఖర్జూరపు మట్టలతో దడి పాతి, దడి చివర బుట్ట కడతాం. పోటు తగ్గి నీరు వెనక్కి తీసేటప్పుడు చేప దడి వెంట పోయి బుట్టలో పడుతుంది. అయితే ఆ చలికాలం బాబాయి బుట్ట ఎప్పుడు తీసినా ఖాళీ. నీటికాకులే తినేస్తున్నాయని ఆయన తేల్చేశాడు.

కిందటేడు పక్క ముక్కవాళ్ళు అలాగే వల కప్పారు. నీటికాకులకేమీ కాలేదు. తెడ్డుమూతి కొంగ ఒకటి కాలు చిక్కుకుని నీళ్ళలో మునిగి చచ్చిపోయింది. దాన్ని వల్లోంచి విడదీసింది నేనే. నాకు ఏడుపాగలేదు. మళ్ళీ ఆ పని నా చేత కాదు, చెయ్యను కూడా.

అందుకే కాఫీ కొట్టుకి వెళ్ళి, మగవాళ్ళందరి ముందూ బాబాయిని నిలదీశాను. ఆయన కప్పు కూడా దించకుండా, పెళ్ళిళ్ళలో జనం ఇకిలింపులు ఫొటోలు తీసుకునేదానికి సముద్రం సంగతి ఎందుకన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చంద్రుడు నిండేదాకా ఆగు బాబాయ్. నీ బుట్ట దగ్గర నీటికాకి నీ చేప తింటున్న ఫొటో దొరికితే, ఆ వల నేనే మోసుకొచ్చి కడతాను. దొరక్కపోతే వల మూట విప్పకూడదు."

"మాట మీద నిలబడతావా?"

"నీ అన్న కూతుర్ని. నిలబడక చస్తానా?"

మర్నాడే తోటలోంచి మట్టలు కొట్టి తెచ్చి, బుట్టకి కాస్త దూరంలో మోకాలి లోతు నీళ్ళలో చాటు కట్టుకున్నాను. పొద్దుటి నుంచీ కూర్చుంటే ఒక్క పిట్ట ఇటు రాలేదు. మధ్యాహ్నానికి గానీ నా బుర్రకి తట్టలేదు. దడి మట్టలు ఉప్పునీళ్ళలో నాని ఎప్పుడో నల్లబడ్డాయి. వాటి పక్కన నేను పచ్చగా నిగనిగలాడే గూడు పెట్టుకుని కూర్చున్నాను. దీవిలో పుట్టి చేసే పనేనా ఇది? నన్ను నేనే తిట్టుకుంటూ, ఒడ్డున పారేసిన పాత మట్టలు ఈడ్చుకొచ్చి చాటు మళ్ళీ కట్టాను.

ఇక అక్కణ్ణుంచి రోజూ అదే పని. కాళ్ళు కొయ్యబారిపోయేవి, పళ్ళు పటపట కొట్టుకునేవి. మా ఆయన రాత్రిళ్ళు నా పాదాలకి నూనె రాస్తూ, బాబాయికి బుద్ధి లేదు, నీకు అసలే లేదు అనేవాడు. సరే లెమ్మనేదాన్ని. ఉల్లంకి పిట్టలు నా మోకాళ్ళ పక్కనుంచే బురద పొడుచుకుంటూ పోయేవి. తెడ్డుమూతి కొంగలు వచ్చి, మూతులు అటూ ఇటూ తిప్పుతూ నీళ్ళు చిలికేవి. నీటికాకి దడి గుంజ మీద వాలేది, మునిగేది, చిన్న పీతనో పిల్లచేపనో పట్టుకుని లేచేది. బుట్ట జోలికి వెళ్ళేది కాదు. ఎండకి రెక్కలు విప్పినప్పుడు దగ్గర్నుంచి తియ్యాలని కాచుకుంటే, అంత దగ్గరికి వచ్చేదీ కాదు. గెలుస్తానన్న ధీమా వచ్చేసింది.

చంద్రుడు నిండడానికి ముందురోజు నీరు బాగా తీసింది. బుట్ట వీపు పైకి తేలింది. నీటికాకి సరిగ్గా బుట్ట వెనక కొసన, చేపలు బయటికి తీసే తోక దగ్గర మునిగి, నోట్లో ఇంత పొడుగు బొంతచేపతో లేచింది. వేలు దానంతటదే మీట నొక్కేసింది. తెర మీద చూసుకున్నాను. చేప పొలుసులు కూడా లెక్కపెట్టేంత చక్కగా వచ్చింది ఆ పాడు ఫొటో.

చెరిపేద్దామా అనుకున్నాను. ఎవరు చూడొచ్చారు? కానీ అందరి ముందూ అన్న మాటని చెరపలేను. కళ్ళు తుడుచుకుని, తడి బట్టలతోనే కాఫీ కొట్టుకి నడిచాను.

కెమెరా బాబాయి ముందు పెట్టాను. చుట్టూ చేరినవాళ్ళు, వల మోయడానికి గాడిదని తెమ్మంటావా హల్లూమా అని నన్ను ఆటపట్టించారు. బాబాయి మాత్రం నవ్వలేదు. తెర కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పెద్దది చెయ్యి."

నీటికాకిని పెద్దది చేశాను.

"పక్షి కాదే. కింద. తాడు."

బుట్ట తోకని బిగించి కట్టే తాడు కొస నీళ్ళ మీద ఊరికే తేలుతోంది. తోక తెరుచుకుని ఉంది. బాబాయి కెమెరా నా చేతిలో పెట్టి, కాఫీ తాగకుండానే లేచి బయటికి పోయాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

ఒడ్డున పడవ అంచు మీద కూర్చుని చేతులు చాపాడు. కీళ్ళు వాచి, వేళ్ళు వంకర్లు పోయాయి. ఇన్నాళ్ళూ ఆ చేతుల్ని అంగీ జేబుల్లోనో కాఫీ కప్పు చుట్టూనో చూశానే తప్ప ఇలా చాపగా చూడలేదు.

"పొద్దున ముడి వేశాననే అనుకున్నాను. ఈ వేళ్ళు బిగిస్తున్నాయో లేదో నాకే తెలియట్లేదు. బుట్టలోంచి తప్పించుకుపోతున్న చేపని ఆ పక్షి ఏరుకుంది, అంతే."

కోపం ఎటు పోయిందో పోయింది.

"ఆ ముడి నాకు నేర్పు," అన్నాను.

"మన ఇంటి ముడి ఆడపిల్లలకి చూపించే ఆనవాయితీ లేదు."

"అయితే వల కట్టుకో. మాటిచ్చాను, మోసుకొస్తాను. చచ్చిన కొంగల్ని మాత్రం నువ్వే విడదియ్యి, ఆ వేళ్ళతో."

ఆయన పడవలోంచి తాడు ముక్క తీసి నా ఒళ్ళో పడేశాడు.

మర్నాడు పొద్దున్నే బుట్ట దగ్గర నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాను, కెమెరా మెడలో. బాబాయి పడవలో కూర్చుని తిడుతున్నాడు. ఎడమ కొస కింది నుంచట, పిండి పిసుకుతున్నాననుకున్నానా అట. అంతలో నీటికాకి వచ్చి చేతికందే దూరంలో గుంజ మీద వాలింది. ఎండ వైపు తిరిగి రెండు రెక్కలూ విప్పింది. చలికాలమంతా నేను కాచుకున్న ఫొటో అదే. నా రెండు చేతులూ తాడులో ఉన్నాయి.

"దాన్ని చూస్తావేం? బిగించు," అన్నాడు బాబాయి.

బిగించాను.