పిసరంత వెనక్కి

బేకరీ ఆయన కెమెరా పెట్టించుకున్నది దొంగల కోసం కాదు. కౌంటర్ దగ్గర కూర్చున్నచోటు నుంచే, వెనక గదిలో బ్రెడ్డు ఏ రంగుకొచ్చిందో చూసుకోవడానికి. ఓవెన్‌కు అద్దం తలుపుంది, లోపల లైటుంది, ఎదురు గోడ మీద కెమెరా ఉంది. ఇన్నాళ్ళూ కుర్చీలోంచి లేవకుండా రాజ్యం ఏలాడు. ఈ వారం బొమ్మ మొత్తం గులాబీ రంగుకు తిరిగింది. పచ్చి పిండీ గులాబీయే, మాడిన బ్రెడ్డూ గులాబీయే. రెండు వాయిలు బొగ్గయ్యాక వదినకు ఫోన్ చేశాడు.

ఊళ్ళో అందరికీ ఆమె వదినే. ఆ పిలుపు అంటించింది ఆమె ఆడపడుచు పిడుగు. కెమెరాలు బాగుచేసే దుకాణం ఇద్దరిదీ. కొత్త కోడలిగా అడుగుపెట్టిన రోజుల్లో, వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలారం గడియారాన్ని విప్పేసి మరలన్నీ పరుపు మీద పరిచిన పిల్ల ఈ పిడుగే. వదిన తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ బిగించడం నేర్పింది. ఆ పేరూ తనే పెట్టింది. అప్పట్నుంచి ఎక్కడ పనైనా పిడుగు నిచ్చెన మీద, వదిన కింద టీవీ తెర ముందు. పైనున్న మనిషికి బొమ్మ కనపడదు, కిందున్న మనిషికి లెన్సు అందదు. గొంతు చించుకుని చెప్పుకోవాల్సిందే.

ఇప్పుడా గొంతులే మూగబోయాయి. ఆమధ్య ఒక స్కూలు హెడ్మిస్ట్రెస్ ముందు వదిన నోరు జారింది. "నేను నేర్పకపోతే ఈ పిల్లకి స్క్రూడ్రైవర్ ఏ కొసన పట్టుకోవాలో తెలిసేదా?" అంది. నవ్వుతూనే అంది. పిడుగు నవ్వలేదు. తర్వాత నాలుగు రోజులకు మణికట్టుకు కట్టుకునే చిన్న తెర ఒకటి కొని తెచ్చింది. టెస్టర్ అంటారు దాన్ని. కెమెరాకు తగిలిస్తే నిచ్చెన మీదే బొమ్మ కనిపిస్తుంది.

"ఇక ఎవరూ కింద నిలబడి అరవక్కర్లేదు," అని గోడకు చెప్పినట్టు చెప్పింది.

 వదిన మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం ఎప్పుడో మానేశాయి. కింద నిలబడే పని కూడా పోతే ఇక తనెందుకు? పైగా వేరేచోట దుకాణానికి గది చూస్తున్నానని పిడుగు అన్నతో అందట. ఆ అన్నగారు, అంటే వదిన మొగుడు, కబురు మోసుకొచ్చి పడేసి, "మీ ఇద్దరి మధ్యకీ నన్ను లాగకండి," అని చేతులు దులుపుకున్నాడు.

బేకరీలో పిడుగు కెమెరాను గోడ మీంచి దించి, పిండి కలిపే బల్ల మీద గుడ్డ పరిచి పెట్టింది. వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. పై గాజు బుర్ర తీసింది. చుట్టూ సన్నటి రబ్బరు చుట్టు, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం. పొట్లం ఎప్పుడో గట్టిపడిపోయింది. లెన్సు చుట్టూ చీకట్లో వెలిగే బుల్లి దీపాల వరస. వదిన కెమెరాకు కరెంటు ఇచ్చి, వెలుతురును కనిపెట్టే చుక్క మీద బొటనవేలు అదిమింది. చీకటి పడిందనుకుని లోపలి గాజుబిళ్ళ పక్కకు జరిగి టిక్కుమనాలి. వేలు తీస్తే బిళ్ళ టిక్కుమంటూ మళ్ళీ లెన్సు వెనక్కి రావాలి. అది రాకపోతే పగటి రంగులు పాడవుతాయి.

వేలు పెట్టింది, తీసింది. చప్పుడు లేదు.

"బిళ్ళ ఇరుక్కుంది," అంది బేకరీ ఆయనతో.

"బిళ్ళ ఇరుక్కుందటమ్మా," అన్నాడాయన, రెండడుగుల దూరంలో ఉన్న పిడుగుతో.

కరెంటు తీసేసి లెన్సు విప్పింది వదిన. పిండి దుమ్మూ నెయ్యి జిడ్డూ కలిసి బిళ్ళ జరిగే దారిలో పేరుకుపోయాయి. అడక్కుండానే పిడుగు టార్చి పట్టింది. వదిన చెయ్యి చాచకముందే గాలి కొట్టే బుడ్డి అందించింది, ఆ తర్వాత మందులో తడిపిన దూదిపుల్ల. నోళ్ళు బిగుసుకున్నా చేతులు పాత అలవాటు మానలేదు. కొత్త పొట్లం పెట్టి, లెన్సు బిగించి, వదిన మళ్ళీ వేలు అదిమింది. టిక్. తీసింది. టిక్. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు, ఒకరినొకరు చూసుకోబోయి చెరోవైపూ తల తిప్పుకున్నారు.

పిడుగు నిచ్చెనెక్కి కెమెరాను మళ్ళీ గోడకు తగిలించింది. లెన్సు విప్పారు కాబట్టి మళ్ళీ చేత్తో తిప్పి బొమ్మను తేట చెయ్యాలి. ఇక టెస్టర్ బయటికొస్తుందని వదిన ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. పిడుగు నిచ్చెనకు తగిలించిన సంచిలో చెయ్యి పెట్టి, తీసి, బేకరీ ఆయనతో అంది.

"టెస్టర్‌లో ఛార్జింగ్ లేదండీ. ఎవరైనా తెర చూసి చెప్పాలి."

వదిన లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. తెర మీద అంతా మంచు కమ్మినట్టుంది.

"తిప్పమనండి," అంది.

"తిప్పమంటున్నారమ్మా!"

"ఎటు?" లోపల్నుంచి పిడుగు గొంతు.

"ఎటు అంటున్నారు?"

"కుడికి. నెమ్మదిగా."

"కుడికి! తొందరగా!" అని అరిచాడాయన. తెర మీద బొమ్మ కాస్తా మటుమాయమైంది. ఇంతలో బ్రెడ్డు కోసం నలుగురొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, మీ అలకల మధ్య నా వ్యాపారం నలిగిపోతోంది. మీరూ మీరూ చూసుకోండి," అని ఆయన బేరంలో పడ్డాడు.

వదిన గొంతు సవరించుకుంది.

"ఎడమకి రా."

"వస్తున్నా."

"ఇంకొంచెం. ఇంకొంచెం. అదీ, తేరుకుంటోంది. ఇంకాస్త... ఆగవే పిడుగూ, దాటిపోయావ్!"

ఆ పేరు నోట్లోంచి ఊడిపడ్డాక గానీ వదినకు తెలియలేదు. 

"ఎంత వెనక్కి వదినా?"

"పిసరంత."

"నీ పిసరా, నా పిసరా?"

"నీ పిసరుకి ఊరు దాటిపోతాం. నా పిసరే!"

అద్దం తలుపు వెనక బ్రెడ్డు ఒక్కసారిగా తేటపడింది. అంచులు గోధుమరంగు, నడుమ బంగారు రంగు. పైన పగులు కూడా కనిపిస్తోంది. పిడుగు నిచ్చెన దిగి, సరిచూడటానికి కెమెరా ముందుకొచ్చి నిలబడింది. తెర నిండా ఆమె ముఖం. ముక్కు మీద పిండి. కళ్ళ కింద నలుపు. రోజూ పక్కనే తిరుగుతున్నా వదిన ఆ ముఖాన్ని చూసి ఎన్నాళ్ళైందో. పిల్ల కూడా సరిగా నిద్రపోలేదన్నమాట. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"అబ్బ, అద్దంలా ఉందమ్మా! మీ చెయ్యి పడితే అంతే," అన్నాడు బేకరీ ఆయన, వచ్చినవాళ్ళందరికీ వినపడేట్టు.

"నా చెయ్యి కాదండీ," అంది వదిన, ఇంకా గట్టిగా. "పనంతా దానిది. నేను కింద నిలబడి అరుస్తాను, అంతే."

లోపల నిచ్చెన మడుస్తున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

సామాన్లు సర్దుతుంటే వదిన చేతికి టెస్టర్ తగిలింది. దుకాణానికి వెళ్ళగానే ఛార్జింగ్ పెట్టాలనుకుంటూ, ఎంతుందో చూద్దామని మీట నొక్కింది. తెర వెలిగింది. మూలన చిన్న బ్యాటరీ గుర్తు నిండా పచ్చగా ఉంది.

 వదిన మీట నొక్కి ఆర్పేసి, సంచిలో అడుగున, గుడ్డల కింద పెట్టింది.

"ఏమే పిడుగూ, రేపు మందుల షాపులో రెండు కెమెరాలున్నాయిగా. టెస్టర్‌కి ఛార్జింగ్ ఉంటుందంటావా?"

పిడుగు నిచ్చెన భుజానికెత్తుకుంది. ముఖం అవతలికి తిప్పుకునే ఉంది.

"ఏమో వదినా. నమ్మకం లేదు. నువ్వు కూడా వచ్చేయ్."